నాలుగు లెక్కలు

కళాకారుడికి లెక్కలు పడవని మనలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. కవికి రూపాయి సంగతి తెలియదంటే మురిసిపోతాం. గాయకుడు వేళాపాళా లేకుండా తిరిగితే కళాకారులంతే అని సరిపెట్టుకుంటాం. ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నాడో గుర్తులేని చిత్రకారుణ్ని అమాయకుడంటాం. ఈ నమ్మకం ఎందరి పనినో సగంలో ఆపేసింది. అందుకే ఈ అధ్యాయంలో దానికి ఎదురుమాట చెబుతున్నాను: ముందు తేల్చుకోని లెక్క తర్వాత కళలో తేలుతుంది.

వేళ తేల్చుకోనివాడి నవల పదో పేజీ దగ్గర ఆగిపోతుంది. మొహమాటం తేల్చుకోనివాడి కవిత్వంలో పొగడ్త చేరుతుంది. డబ్బు సంగతి తేల్చుకోనివాడి బొమ్మ, కొనేవాడి గోడకు నప్పే రంగుల్లోనే తయారవుతుంది. తనెంతవాడో తేల్చుకోనివాడు పాడితే పాటకంటే పాడేవాడే ఎక్కువ వినబడతాడు.

బ్యాంకులో పనిచేస్తూ కథలు రాసుకునేవారు, బడిలో పాఠాలు చెబుతూ హార్మోనియం వాయించేవారు, ఇల్లు నడుపుకుంటూ బొమ్మలు వేసేవారు, హైదరాబాదులోనో డాలస్‌లోనో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ శని ఆదివారాల్లో నాటకం ఆడేవారు, వీళ్లందరి కోసం ఈ మాటలు. కళ మీద ప్రేమ మీకు ఉంది. దాన్ని నేర్పాల్సిన పనిలేదు. ఆ ప్రేమ నిలవడానికి కావలసిన ఏర్పాటు గురించే ఇక్కడ మాట్లాడుకుందాం.

ఒక కీర్తనలో రాసిన పద్దు

మనం తేల్చుకోవలసిన లెక్కలు నాలుగు: ఏకాంతం, అధికారం, డబ్బు, నవ్వు. ఈ నాలుగూ ఒకే మనిషి జీవితంలో, ఒకే పాటలో కలిసి కనబడే చోటు మన భాషలోనే ఉంది. ఖమ్మం ప్రాంతంలోని నేలకొండపల్లిలో పుట్టిన, మనం రామదాసు అని పిలుచుకునే కంచర్ల గోపన్న 17వ శతాబ్దపు మనిషి. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో పెద్ద పదవుల్లో ఉన్న అక్కన్న, మాదన్నలకు మేనల్లుడు. పాల్వంచ పరగణాకు తహసీల్దారు. అంటే సర్కారు శిస్తు వసూలు చేసి, పైసతో సహా లెక్క అప్పజెప్పవలసిన ఉద్యోగి. ఆయన భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. అందుకు ఆరు లక్షల వరహాల శిస్తు సొమ్ము ఖర్చుపెట్టాడనీ, ఆ నేరానికి పన్నెండేళ్లు గోల్కొండలో చెర అనుభవించాడనీ తరతరాలుగా చెప్పుకుంటున్నాం. కోటకు వెళ్తే రామదాసు బందిఖానా అని ఒక చీకటి గదిని ఇప్పటికీ చూపిస్తారు.

ఆయన కీర్తనల్లో ‘ఇక్ష్వాకు కులతిలక’ తెలియని తెలుగు ఇల్లు అరుదు. వినడానికి అది భక్తుడి మొర. కాస్త ఆగి వింటే అది తహసీల్దారు రాసిన ఖర్చుల పద్దు. భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి బంగారు మొలతాడు, లక్ష్మణుడికి ముత్యాల పతకం, సీతమ్మకు చింతాకు పతకం, ఒక్కోదానికి ఎంతెంత పట్టిందో వరుసగా అప్పజెబుతాడు. ఇంత సొగసు ఎవరిచ్చిన సొమ్ముతో అనుభవిస్తున్నావని రాముణ్నే నిలదీస్తాడు, తండ్రినీ మామగారినీ కూడా మధ్యలోకి లాగుతాడు. ఆ వెంటనే, తిట్టానని మనసు కష్టపెట్టుకోవద్దు, దెబ్బలు ఓర్వలేక నోరు జారిందని బతిమాలుకుంటాడు.

ఆ ఒక్క పాటలో చెర ఇచ్చిన ఒంటరి వేళ ఉంది. కొరడా పట్టిన అధికారం ఉంది. వరహాల లెక్క ఉంది. దేవుణ్ని సైతం ఎత్తిపొడవగల చనువు, దానిలోంచి పుట్టే నవ్వు ఉంది. నాలుగూ కలిసి కళ అయ్యాయి.

దీన్నుంచి తప్పు పాఠం మాత్రం తీసుకోవద్దు. కష్టాలు పడితేనే కళ పుడుతుందని దీనర్థం కాదు. గోల్కొండ చెరలో మగ్గినవాళ్లు ఇంకెందరో ఉండి ఉంటారు, వాళ్లెవరూ వాగ్గేయకారులు కాలేదు. గోపన్నలో పాట ఉంది కాబట్టి చెరలోనూ పలికింది. ఆయన భక్తిని తూచే అర్హత నాకు లేదు. ఒక్క సంగతి మాత్రం మన బతుకులకు పనికొస్తుంది. సర్కారు సొమ్ముకూ స్వామి సొమ్ముకూ మధ్య తేలవలసిన లెక్క ముందు తేలలేదు, తర్వాత ఆయన ఒంటిమీద తేలింది. మనం ఆ పద్దు ముందే రాసుకుందాం.

మొదటి లెక్క: ఏకాంతం

కళకు ఏకాంతం కావాలనగానే కొండలు, అడవులు, ఊరవతల తోట ఇల్లు గుర్తొస్తాయి. అవి లేవు కాబట్టి రాయలేకపోతున్నామని మనకు మనం చెప్పుకుంటాం. నిజానికి కావలసింది చోటు కాదు, హద్దు ఉన్న వేళ.

తరిగొండ వెంగమాంబ కథ చూడండి. 1730లో చిత్తూరు ప్రాంతంలోని తరిగొండలో పుట్టింది. చిన్నవయసులోనే భర్త పోయాడు. అయినా జుట్టు తీయించుకోను, బొట్టు చెరుపుకోను అని ఊరికి ఎదురు నిలిచింది. ఆ కాలంలో అది ఎంత సాహసమో వేరే చెప్పక్కర్లేదు. ఊళ్లో మాటలు పడలేక తిరుమల చేరింది. అక్కడా పొరుగువాళ్ల వేధింపు తప్పకపోతే కొండల నడుమ తుంబురుకోనకు వెళ్లి చాలా ఏళ్లు గడిపిందంటారు. వేంకటాచల మాహాత్మ్యం, యక్షగానాలు, ద్విపద కావ్యాలు రాసింది. నాకు ఆమె కథలో అన్నిటికంటే గొప్పగా తోచేది ఏమిటంటే, ఆమె కోనలోనే ఉండిపోలేదు. తిరిగి కొండమీదికి వచ్చింది, యాత్రికులకు అన్నం పెట్టింది. ఈనాడు తిరుమలలో వేలమంది భోజనం చేసే అన్నప్రసాద భవనానికి ఆమె పేరే పెట్టారు. స్వామికి ఆమె పేరుతో హారతి ఇప్పటికీ జరుగుతోంది.

ఏకాంతం లెక్క అంటే ఇదే: ఎప్పుడు వెళ్తున్నాం, ఎప్పుడు తిరిగి వస్తున్నాం. రెండోది చెప్పకుండా మొదటిది అడిగితే ఇంట్లోవాళ్లకు అది అలకలా, తప్పించుకోవడంలా కనబడుతుంది. కాబట్టి ఇలా చేయండి.

వేళ ఖాయం చేసుకోండి. తెల్లవారుజామున ఒక గంటో, రాత్రి పిల్లలు పడుకున్నాక ముప్పావుగంటో, ఏది నిజంగా కుదురుతుందో అది. వారానికి ఒకరోజు ఎనిమిది గంటలు దొరకడం కంటే రోజుకో అరగంట దొరకడం మేలు. నిన్న ఎక్కడ ఆపామో మనసు మర్చిపోకుండా ఉంటుంది.

ఇంట్లోవాళ్లకు ముగింపు వేళ చెప్పండి. ‘ఆరు నుంచి ఏడు దాకా నన్ను పిలవొద్దు’ అని ఊరుకోకండి. ‘ఏడింటికి టిఫిన్ పని నాది’ అని కూడా చెప్పండి. చెప్పిన మాట ప్రకారం ఏడింటికి లేవండి. నాలుగు వారాలు మాట నిలబెట్టుకుంటే, ఆ గంటను మీకంటే ఎక్కువగా మీ ఇంట్లోవాళ్లే కాపలా కాస్తారు.

ఫోను వేరే గదిలో పెట్టండి. పక్కన బోర్లా పెట్టడం చాలదు. చేతికందే దూరంలో ఉన్నంతసేపు మనసులో సగం దాని దగ్గరే ఉంటుంది.

లేచే ముందు, రేపు మొదట చేయవలసిన పని ఒక్క వాక్యంలో రాసి పెట్టండి. ఖాళీ కాగితం ముందు కూర్చున్నవాళ్లకు పట్టే భయం చాలావరకు ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం వల్లనే.

ఇక్కడ మగవాళ్లకు ఒక మాట. మన ఇళ్లలో ఏకాంతం అందరికీ సమానంగా అందడం లేదు. మీ గది తలుపు మూసుకున్నప్పుడు, అవతల ఎవరో పాలు పొంగకుండా చూస్తున్నారు, ఎవరో పిల్లాడి హోంవర్కు చూస్తున్నారు. మీ భార్యో అక్కో చెల్లెలో రాసుకుంటుంటే ఆ గంట పొయ్యి మీరు చూడండి. కళను ప్రేమిస్తున్నానని చెప్పేవాడికి ఇది మొదటి పరీక్ష.

రెండో లెక్క: అధికారం

అధికారం అంటే ప్రభుత్వమే కాదు. పత్రిక సంపాదకుడు, నిర్మాత, సంఘం అధ్యక్షుడు, అవార్డు కమిటీ, మనకు సభ పెట్టించే ఊరి పెద్దమనిషి, వీళ్లందరి దగ్గరా అది ఉంటుంది. దాన్ని చూసి ఊరికే పారిపోతే పని జరగదు. దగ్గరికి వెళ్లి కరిగిపోయినా పని జరగదు.

తానీషానే తీసుకోండి. గోపన్నను చెరలో పెట్టించిన ఆ సుల్తానే, కూచిపూడి భాగవతుల ఆట చూసి సంతోషించి వాళ్లకు ఆ ఊరిని అగ్రహారంగా ఇచ్చాడని కూచిపూడివాళ్లు చెప్పుకుంటారు. ఒకే చెయ్యి ఒకరికి ఊరిచ్చింది, ఇంకొకరికి సంకెళ్లు వేసింది. తర్వాత ఆ చెయ్యీ నిలవలేదు. 1686లో అక్కన్న, మాదన్నలు హత్యకు గురయ్యారు. 1687లో ఔరంగజేబు ముట్టడికి గోల్కొండ లొంగిపోయింది. తానీషా దౌలతాబాదు కోటలో బందీగానే కన్నుమూశాడు. అధికారి దయ మీద మాత్రమే కట్టుకున్న కళ, అతనితోపాటే కూలుతుంది.

మరి కొలువులో ఉండి కూడా నిలబడిన మనిషి గురజాడ అప్పారావు. విజయనగరం మహారాజా కళాశాలలో పాఠాలు చెప్పారు, సంస్థానంలో శాసనాలు పరిశీలించే ఉద్యోగం చేశారు. మహారాజు ఆనందగజపతికి ఇష్టుడు. ఆయన నాటకం కన్యాశుల్కం 1892లో మొదట ప్రదర్శించారు, 1897లో అచ్చయింది, మహారాజుకు అంకితమిచ్చారు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో జరిగిన శుల్క వివాహాల, అంటే ఆడపిల్ల తండ్రి సొమ్ము పుచ్చుకుని చేసే పెళ్లిళ్ల, జాబితాను మహారాజు తయారు చేయిస్తే, ఆ సంఖ్య వెయ్యి దాటింది. ఆ వివరం గురజాడ తన పీఠికలోనే రాశారు. చూడండి, కొలువు నుంచి ఆయన తీసుకున్నదేమిటో: జీతం, రంగస్థలం, ఒక జిల్లా నిజం. తీసుకోనిదేమిటో కూడా చూడండి: నాటకంలో ఎవరు ఏం మాట్లాడాలన్న నిర్ణయం. పండితుడు, వేశ్య, గుమాస్తా, వకీలు ఎవరి భాష వాళ్లు మాట్లాడారు. 1897లోనే మహారాజు మరణించారు. పన్నెండేళ్ల తర్వాత, 1909లో, గురజాడ ఆ నాటకాన్ని దాదాపు కొత్తదనిపించేలా తిరగరాశారు. ఈనాడు మనం చదివేది ఆ రెండోదే. పోషకుడు పోయాక మరింత పెద్దదైన రచన, ఎప్పుడూ రచయితదే.

అధికారం నుంచి ఏదైనా పుచ్చుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకోండి. జవాబులు కాగితం మీద రాసుకోండి, మనసులో అనుకుంటే మనసు మనకు అనుకూలంగా మార్చేస్తుంది.

ఒకటి, నా రచనలో చివరి మాట ఎవరిది? రెండు, ఇచ్చినది రేపు వాళ్లే వెనక్కి తీసుకుంటే నా పని ఆగుతుందా? మూడు, ఇచ్చినవాళ్ల తప్పు కళ్లబడితే దాని గురించి రాయగలనా?

మూడిటికీ జవాబు నచ్చితే సంతోషంగా పుచ్చుకోండి, సభలో కృతజ్ఞత కూడా చెప్పండి. అందులో చిన్నతనం లేదు. ఒక్క దానికి గొంతులో ఏదో అడ్డం పడినా, మర్యాదగా వద్దనండి. ‘ఇప్పుడు కుదరదండీ’ అంటే చాలు. కారణాలు వివరించబోతే వాదన మొదలవుతుంది, వాదన రాజీకి దారితీస్తుంది.

ఇక, రేపు మనకే కాస్త అధికారం దక్కుతుంది. పోటీకి న్యాయనిర్ణేతగా పిలుస్తారు, సంకలనానికి సంపాదకుణ్ని చేస్తారు, నలుగురు పిల్లలు పాట నేర్చుకోవడానికి వస్తారు. అసలు పరీక్ష అప్పుడు. కొత్తవాళ్ల రచన తిప్పి పంపేటప్పుడు ఒక్క కారణం రాయండి. మీ దగ్గర నేర్చుకునేవాళ్లు మీలాగా కాకుండా వాళ్లలాగా పాడితే సంతోషించండి. మీ పొగడ్త కోసం ఎవరూ తమ పనిని మార్చుకోకుండా చూసుకోండి. అధికారం కింద నలిగినప్పుడు మనం ఏం కోరుకున్నామో, అది చేతికి వచ్చినప్పుడు ఇతరులకు ఇవ్వగలిగితే ఆ లెక్క సరిపోయినట్టు.

మూడో లెక్క: డబ్బు

డబ్బు గురించి మన కళాకారుల కథలన్నీ త్యాగం కథలే. పోతన రాజుకు అంకితమివ్వలేదు, త్యాగయ్య కొలువుకు వెళ్లలేదు, అని చెప్పి ఆగిపోతాం. ఆ పొద్దు ఇంట్లో ఏం వండారో అడగం. అడగవలసింది అదే.

తంజావూరు శరభోజి మహారాజు పిలిచినా త్యాగయ్య వెళ్లలేదని చెప్పుకుంటాం. కానీ ఆయన ఇల్లు గాలి మీద నడవలేదు. తిరువయ్యారు వీధుల్లో పాడుకుంటూ వెళ్లి, ఇంటింటా పెట్టిన పిడికెడు బియ్యం తెచ్చుకునే ఉంఛవృత్తి ఆయన పెట్టుకున్న ఏర్పాటు. ఇంటికీ శిష్యులకూ ఆ పూటకు సరిపోయేంత. అది లేనితనం కాదు, లెక్క. ఎంత కావాలో తెలిసినవాడే ఎక్కువను వద్దనగలడు. ఆ కథలోనే ఇంకో మనిషి ఉన్నాడు. కొలువు కాదన్నందుకు కోపంతో తమ్ముడు పూజించే విగ్రహాలను కావేరిలో పారేశాడని చెప్పే అన్న జపేశుడు. మనం ఆయన్ని దుర్మార్గుడిగా చూపిస్తాం. అసలు సంగతి, మన నిర్ణయానికి వెల కట్టేది మనమొక్కరమే కాదు, ఇంటిల్లిపాదీ. కాబట్టి ఆ లెక్క వాళ్ల ముందు వేయాలి.

చిత్తూరు నాగయ్య జీవితం ఇంకో వైపు చూపిస్తుంది. ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947), ఆ తర్వాత ‘రామదాసు’ (1964). సంపదను కాదన్న మహానుభావులందరినీ మన కళ్ల ముందు నిలిపిన నటుడు ఆయన. ఒకప్పుడు దక్షిణాదిలో పెద్ద పారితోషికం అందుకున్నవారు. అడిగినవాళ్లకు కాదనకుండా ఇచ్చారు, సొంత సినిమాలకు ఖర్చుపెట్టారు. 1973లో పోయేనాటికి డబ్బుకు ఇబ్బంది పడుతున్నారు. ఆయన మనసు ఎంత పెద్దదో తెలుగువాళ్లంతా తలుచుకుంటారు. అంత పెద్ద మనసున్న మనిషి చివరి రోజులు నిశ్చింతగా గడవాలని ఎవరికి ఉండదు? దానం చేసే చెయ్యి తన వాటాను కూడా పక్కన పెట్టుకోవాలి.

మీ డబ్బును మూడు పద్దులుగా విడదీయండి. మొదటిది బతుకు పద్దు: అద్దె, ఫీజులు, మందులు, పెద్దవాళ్లకు పంపేది. ఇది ఉద్యోగం నుంచి రావాలి. ఉద్యోగం చేస్తూ కళ చేయడంలో తక్కువతనం ఏమీ లేదు. చిత్రకారుడు బాపు న్యాయశాస్త్రం చదివి, ప్రకటనల కంపెనీల్లో బొమ్మలు వేశారు. ఆ గీత పదును అలాంటి రోజువారీ పనిలోనూ పెరిగింది. రెండోది పని పద్దు: రంగులు, కాగితం, పుస్తకాలు, హాలు అద్దె, రికార్డింగు. నెలకు ఇంత అని నిర్ణయించి విడిగా ఉంచండి. అది అయిపోతే వచ్చే నెల దాకా ఆగండి, అప్పు చేసి పుస్తకం వేయకండి. మూడోది కళ మీద వచ్చే డబ్బు. మొదట్లో ఇది ఎంత తక్కువైనా విడిగా రాయండి. దాన్ని బతుకు పద్దులో కలిపితే, రేపు ఆ డబ్బు కోసమే రాయడం మొదలవుతుంది.

ఇక చట్టం. మన రచయితలూ గాయకులూ ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే, నోటిమాట మీద. కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం రచయిత తన హక్కును వేరొకరికి ఇవ్వాలంటే అది రాతలో, సంతకంతో ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు. ఉద్యోగంలో భాగంగా చేసిన రచనకు, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. 2012లో చేసిన సవరణ పాటల రచయితలకూ సంగీత దర్శకులకూ పెద్ద అండ. సినిమా హాల్లో సినిమాతోపాటు వినిపించడం కాకుండా ఆ పాటను ఇంకెలా వాడుకున్నా వచ్చే రాయల్టీలో వాళ్లకు సమాన వాటా ఉంటుంది. దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ రాసివ్వడం, వదులుకోవడం చెల్లదు. రచయిత పోయిన తర్వాత 60 ఏళ్లపాటు హక్కు నిలుస్తుంది. అంటే మీ సంతకం మీ మనవల దాకా వెళ్తుంది. చదవకుండా పెట్టకండి.

ఎవరైనా ఉచితంగా పాడమనీ రాయమనీ అడిగితే? గుడికో, బడికో, స్నేహితుడి పెళ్లికో ఇష్టంగా చేయండి. టిక్కెట్లు అమ్మి, షామియానా వాడికీ మైకు వాడికీ డబ్బిచ్చి మిమ్మల్ని మాత్రం ప్రేమతో పాడమంటే, ‘నా పారితోషికం ఇంతండీ’ అని మొదటి మాటలోనే చెప్పండి. తర్వాత అడిగితే గొడవ అవుతుంది, ముందు చెబితే పద్ధతి అవుతుంది.

నాలుగో లెక్క: నవ్వు

నవ్వుకూ లెక్కకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. మిగతా మూడు లెక్కలూ ఎంత జాగ్రత్తగా వేసినా ఏదో ఒక నెల సరిపోవు. వేళ దొరకదు, పెద్దమనిషికి కోపం వస్తుంది, డబ్బు చాలదు. ఆ తేడాను మోయడానికి మనిషికి ఉన్న బలం నవ్వు.

హాస్య రచయిత ముళ్లపూడి వెంకటరమణ 1931లో ధవళేశ్వరంలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయి, మద్రాసు చేరి, ఇబ్బందుల్లో పెరిగిన సంగతి తన ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’లో చెప్పుకున్నారు. అదే మనిషి అప్పుల మీద ‘ఋణానందలహరి’ రాశారు, అందులోని అప్పారావు అనే పాత్ర చేత తెలుగుదేశమంతటా చేబదుళ్లు అడిగించారు. లేమి తెలిసినవాడు లేమి మీద రాసినప్పుడు అందులో వెక్కిరింపు ఉండదు. అప్పు అడిగేవాడి సిగ్గూ, ఇవ్వలేనివాడి బాధా రెండూ తెలిసిన నవ్వు అది. అందుకే చదివినవాళ్లు తేలికపడతారు.

కన్యాశుల్కంలోని గిరీశాన్ని తలుచుకోండి. మోసగాడు, అబద్ధాలకోరు. అయినా అతను రంగం మీదికి రాగానే హాలంతా నవ్వుతుంది. గురజాడ అతన్ని ద్వేషంతో రాయలేదు. శుల్కం పుచ్చుకునే తండ్రిని ఎదురుగా నిలబెట్టి తిట్టి ఉంటే ప్రేక్షకుడు తలుపు మూసుకునేవాడు. నవ్వించారు కాబట్టి, నవ్వుతూనే తన ఇంటి సంగతి తనకు గుర్తొచ్చింది. ఉపన్యాసం చేయలేని పని అది. గోపన్న కీర్తనలోనూ అంతే: రాముణ్ని ఎత్తిపొడిచేంత చనువు ఉన్నచోట నిస్సహాయత కూడా తలెత్తుకుని నిలబడుతుంది.

నవ్వును పనిలోకి తెచ్చుకునేవాళ్లు మూడు కట్టుబాట్లు పెట్టుకోవాలి. బలవంతుడి మీద నవ్వండి, బలహీనుడి మీద వద్దు. యాస, కులం, ఒళ్లు, రంగు మీద పుట్టే నవ్వు చవక, దానికి రచయిత కష్టపడవలసిన పని కూడా ఉండదు. రెండోది, మీరు నవ్వించే మనిషికి కథలో ఒక్క నిజమైన కోరిక ఇవ్వండి. అప్పుడు అతను బొమ్మగా మిగలడు. మూడోది, మీ రచనను తిరస్కరిస్తూ ఉత్తరం వచ్చిన రోజున ఇంట్లోవాళ్లతో కూర్చుని మనసారా నవ్వుకోండి. విమర్శ వచ్చిన వెంటనే జవాబు రాయకండి. రెండు పూటలు ఆగి మళ్లీ చదవండి. అందులో పనికొచ్చే మాట ఒకటుంటే తీసుకుని, మిగతాది వదిలేయండి.

ఈ నెలలో చేయవలసింది

ఒక నోటుబుక్కు కొనండి. నాలుగు భాగాలు చేయండి.

మొదటి భాగంలో ప్రతిరోజూ కళకు ఇచ్చిన వేళ రాయండి. ఇవ్వని రోజున సున్నా వేయండి, కారణం రాయకండి. నెలాఖరున సున్నాలు ఏ వారంలో ఎక్కువో చూస్తే చాలు, ఏం మార్చాలో తెలిసిపోతుంది.

రెండో భాగంలో మీ కళకు సంబంధించి ఎవరెవరికి మొహమాటపడి ఉన్నారో పేర్లు రాయండి. ఒక్కో పేరు ఎదుట, కృతజ్ఞతతో తీరేదా, డబ్బుతో తీరేదా, వద్దని చెప్పి తీర్చుకోవలసిందా అని రాయండి. నెలలో ఒక్కటి తీర్చండి.

మూడో భాగంలో మూడు పద్దులు. బతుకు, పని, కళ. వారానికోసారి ఆదివారం ఇంట్లో ఇంకొకరితో కలిసి చూడండి.

నాలుగో భాగంలో ఆ నెల మిమ్మల్ని నవ్వించిన మాట, మనిషి, సంఘటన రాసుకోండి. కొంతకాలానికి మీ రచనకు అందులోంచే ముడిసరుకు దొరుకుతుంది.

ఈ నోటుబుక్కు కళ కాదు. ఇది రాయడంలో ఆనందం కూడా పెద్దగా ఉండదు. కానీ ఇది రాసుకున్న మనిషి కూర్చున్నప్పుడు తలుపు తట్టే భయం ఉండదు, ఎవరికో నచ్చాలన్న ఒత్తిడి ఉండదు, నెలాఖరు బెంగ కాగితం మీదికి రాదు. మిగిలేది మీరూ మీ పనీ. అప్పుడు రాసింది బాగుంటే అది పూర్తిగా మీదే. బాగాలేకపోతే రేపు మళ్లీ కూర్చోవడానికి ఆ గంట మీకు ఉంది. ఈ రాత్రే నోటుబుక్కు మొదటి పేజీలో రేపటి వేళ రాసి పెట్టండి.